ముందు నలుగురు పెట్టుకోనివ్వండి

"ఆ బొత్తాం మీంచి వేలు తియ్యండి," అంది ఆమె, చెప్పులు కూడా విప్పకుండా.

అతను తియ్యలేదు, అలాగని నొక్కనూ లేదు. ఫోన్ తెర మీద రౌటర్ కంపెనీ వాళ్ళ యాప్ తెరిచి ఉంది. పైన ఎర్ర చుక్క, కింద 'కొత్త అప్‌డేట్ సిద్ధంగా ఉంది, ఇన్‌స్టాల్ చెయ్యండి' అన్న మాట. ఎర్ర చుక్క కనబడితే అది ఆరేదాకా అతనికి అన్నం సహించదు. ఇంట్లో కూర్చుని పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్పే మాస్టారు. చెయ్యకుండా వదిలేసిన పని ఏదైనా సరే, అతనికి సగంలో ఆపిన లెక్కలాగే కనిపిస్తుంది.

ఆమె బ్యాగు కుర్చీలో పడేసి ముందు అత్తగారి గదిలోకి తొంగి చూసింది. ఆవిడ మంచం మీద కూర్చుని పాత చీర అంచు కుట్టుకుంటోంది. ఛాతీకి అంటించిన చిన్న బిళ్ళ ఆవిడ గుండె ఎలా కొట్టుకుంటోందో ఎప్పటికప్పుడు ఆసుపత్రికి పంపుతుంటుంది. పంపేది ఈ ఇంటి నెట్ మీదుగానే. కిందటి నెల వంటింట్లో ఆవిడకి కళ్ళు తిరగబోతుంటే, ఆ సంగతి ఆవిడకే తెలియకముందు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఫోన్ రాకపోతే ఏమయ్యేదో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

అతను మాత్రం ఊరికే నొక్కుతాననలేదు. రౌటర్లో ఏదో కంత బయటపడిందట, దాంట్లోంచి దొంగలు ఇంట్లో సంగతులన్నీ చూడొచ్చట, ఈ అప్‌డేట్ ఆ కంతని పూడుస్తుందట. అన్ని రకాలుగా పరీక్షించాకే పంపుతున్నామని కంపెనీ వాళ్ళు రాసిన వాక్యం పైకి చదివి వినిపించాడు.

"అందరూ అలాగే రాస్తారు," అంది ఆమె.

మధ్యలో ఏదైనా తేడా వస్తే నెట్ మొత్తం పడుకుంటుందని, బిళ్ళ చెప్పే కబురు ఆసుపత్రికి చేరదని, చేరడం లేదన్న సంగతి మనకి తెలియను కూడా తెలియదని నెమ్మదిగా చెప్పింది. దొంగలు వచ్చినప్పుడు చూసుకోవచ్చు, గుండె అలా ఆగి చూసుకునేది కాదుగా అంది.

ఆలస్యం అమృతం విషం అన్నాడు అతను. నిదానమే ప్రధానం అని గదిలోంచి అతని తల్లి బదులిచ్చింది. సామెతల్లో ఆ తల్లీకొడుకులు ఒకరికొకరు తీసిపోరు.

"గుండె నాది, గొడవ మీది," అని కూడా అంది ఆవిడ, దారం కొరుకుతూ.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ముందు నలుగురు పెట్టుకోనివ్వండి," అంది. "వాళ్ళకి బాగుంటే అప్పుడు మనం."

"ఆ నలుగురి ఇళ్ళల్లోనూ అమ్మలుంటారుగా."

వాదన కోసం అన్న మాటే అది. కానీ ఆమె మొహం వాడిపోవడం చూసి అనకుండా ఉండాల్సింది అనుకున్నాడు. నెల రోజులుగా ఆమె ఆఫీసు నుంచి ఇలాగే వస్తోంది, ప్రాణం అక్కడే వదిలేసి మనిషి మాత్రం ఇంటికి వచ్చినట్టు. వేరే కంపెనీలకి పని చేసిపెట్టే ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అక్కడి మాటలు గుమ్మం దాటనివ్వదు, అతనూ అడగడు. పెద్ద పని ఏదో ఇవాళ్టితో అయిపోయిందని, రేపు సెలవు ఇచ్చారని మాత్రం సాయంత్రం ఫోన్లో చెప్పింది. అలసిపోయిన మనిషికి చీమ కూడా ఏనుగులా కనిపిస్తుంది, రేపటికి సర్దుకుంటుందిలే అనుకుని ఫోన్ బల్ల మీద పెట్టేశాడు.

అప్పుడే కింది వాటాలో ఉండే పెద్దాయన తలుపు తట్టాడు. ఒంటరి మనిషి. ఆయన ఛాతీ మీదా అలాంటి బిళ్ళే ఉంది, ఇంట్లో రౌటర్ కూడా ఈ రకమే, మాస్టారు కొనిపెట్టిందే. తన ఫోన్ చాపి, ఇదేదో నొక్కమంటోంది మాస్టారూ, నొక్కెయ్యమంటారా అని అడిగాడు.

అతను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "వద్దు బాబాయ్ గారూ. ఓ రెండు వారాలు ఆగండి."

"ఏమైనా తేడా ఉందామ్మా అందులో?"

ఆమె కుర్చీలో పడేసిన బ్యాగు తీసి కొక్కేనికి తగిలించింది. మీరు ఒక్కరే ఉంటారు కదా, అందుకని, అంది. పెద్దాయన తల ఊపాడు. నువ్వు చెప్పావు కాబట్టి సరిపోయింది తల్లీ, లేకపోతే ఈపాటికి నొక్కేసేవాణ్ణే అంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"బాగుంది. ఇంక ఇల్లిల్లూ తిరిగి చెప్పొస్తావా?" అన్నాడు అతను, ఆటపట్టిస్తూ.

ఆమె వసారాలోకి వెళ్ళి నిలబడింది. ఎదుటి భవనంలో కిటికీలన్నీ వెలుగుతున్నాయి. ఒక ఇంట్లో ఎవరో చంటిపిల్లని భుజాన వేసుకుని తిరుగుతున్నారు. ఇంకో ఇంట్లో ఒక ముసలావిడ దిండుకి ఆనుకుని ఉంటే, పక్కన కూర్చున్న కుర్రది ఫోన్ వైపు చూస్తోంది. ఆమెకి భయం వేసింది. భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది.

అతను వెనకే వచ్చి పక్కన నిలబడ్డాడు. సరే, నువ్వే గెలిచావు, రెండు వారాలు దాని జోలికి పోను అన్నాడు. ఆమె ఇంకా ఆ కిటికీల వైపే చూస్తుంటే ధైర్యం చెబుదామనుకున్నాడు.

"అయినా అంత బెంగ దేనికి? పరీక్షించేవాళ్ళు అక్కడ ఒకరుంటారు కదా. వాళ్ళింట్లో పెట్టుకోలేనిది జనం మీదికి వదులుతారా?"

ఆ అప్‌డేట్‌ని వదలమని మధ్యాహ్నం సంతకం పెట్టింది ఆమే.