మత్తడి కాడ కావలి

“గంప మూత తియ్యి అవ్వా,” అన్నాడు బీరయ్య, కట్టె అడ్డం పెట్టి.

రాములవ్వ తీసి చూపింది. రెండు జొన్నరొట్టెలు, ఇంత తొక్కు తప్ప ఏమీ లేవు. అయినా అతని అనుమానం తీరలేదు. దొంగలు వచ్చిన రోజే గంప నింపుకోరు కదా.

పోచారం చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మత్తడి గోడ మీంచి కిందికి దుంకుతున్నాయి. గుడ్లు పెట్టే కాలం. కింది వాగులోని చేపలు ఆ నీళ్లకు ఎదురెక్కుతూ ఎగురుతున్నాయి, రాళ్లకు తగిలి పడుతున్నాయి, మళ్లీ ఎగురుతున్నాయి. చేయి చాస్తే దొరుకుతాయి. అందుకే నిజాం సర్కారు కావలి పెట్టింది. “పెద్దది కాదు, పిల్ల పోయినా నీదే జిమ్మ” అని దరోగా ముందే చెప్పాడు. పోయినేడు కావలి ఉన్నవాడికి అట్లాగే నౌకరీ ఊడింది. “గీ నౌకరన్న నిలుపుకో కొడుకా, గప్పుడే మనింట్ల దీపం పెట్టేది వస్తది” అని ఎల్లారెడ్డిలో తల్లి నెత్తీనోరూ కొట్టుకుని పంపింది.

ఈ ముసలామె నిన్న కూడా వచ్చింది. ఊరేదంటే “దూరం” అంటుంది. చేపలను చూసేది తక్కువ, అతన్ని చూసేది ఎక్కువ.

“ఒక్కనివే ఉంటవా బిడ్డా?”

“ఎందుకు?”

“ఊకెనే. రాత్రి పండేది గూడ ఈడనేనా?”

“ఈడనే. నాకు నిద్ర పట్టది,” కావాలనే అబద్ధమాడాడు.

“కల్లు తాగుతవా?”

తాగించి పడుకోబెట్టే ఎత్తు. బీరయ్యకు ఒళ్లు మండింది. “ముట్ట.”

ఆమె తల ఊపింది. ఆ ఊపడం అతనికి అసలే నచ్చలేదు.

అంతలో పెద్ద చేపొకటి గురితప్పి వాళ్ల కాళ్ల దగ్గర పడి కొట్టుకోసాగింది. దాని కడుపు నిండా గుడ్లే.

రాములవ్వ గొంతు తగ్గించింది. “ఎవలు చూస్తున్రు? సగం నీకు, సగం నాకు.”

వానకు పొయ్యి వెలగక పొద్దటినుంచీ అతను పస్తున్నాడు. ఒక్క క్షణం చేపను చూశాడు. చూసినందుకు తనమీదే కోపమొచ్చింది. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, పాకురు పట్టిన రాళ్లమీద ఎక్కి, పైన చెరువులో వదిలాడు. దిగేటప్పుడు జారి మోకాలు గీరుకుపోయింది.

రాములవ్వ గంప అతని ముందుకు జరిపింది. “ఆకలైతున్నట్టున్నది, తిను.”

“లంచమా?” గంపను కాలితో పక్కకు నెట్టాడు. “దరోగ సాబు వస్తనే నిన్ను పట్టిస్త. ఎవలు పంపిన్రు నిన్ను?”

“మా ముసలోడు. పోయి అంత మంచిగ చూసి రమ్మన్నడు.”

“ఏం చూసినా గంతే. ఈడికెల్లి ఒక్క పిల్లను గూడ తీస్కపోనియ్య.”

రాములవ్వ అప్పుడు నవ్వింది, పళ్లన్నీ కనబడేట్టు.

“తీస్కపోనీకె రాలె బిడ్డా, పిల్లను ఇయ్యనీకె వచ్చిన.”