గడియ వేయని తలుపు

యుద్ధంలో పోయిన భర్త సమాధి రాయికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. “‘అమరుడు’ వద్దు. ‘చనిపోయాడు’ అని చెక్కండి.”

మేస్త్రీ ఉలి దించాడు. “సైనికులందరికీ అదే మాటమ్మా.”

“అమరుడంటే చావనివాడనేగా? ఆఫీసర్లు ఆ మాటన్న రోజు నుంచీ మా అత్త రాత్రిళ్ళు తలుపు గడియ వేయనివ్వదు. కొడుకొస్తాడని ఆశ. ఈవిడతో వేగలేక చస్తున్నాను.”

పక్క సమాధి గట్టు మీద కూర్చున్న అత్త విసుగ్గా తలెత్తింది. “వాడు రాడని నాకు తెలీదా?”

“మరి గడియెందుకు వేయనివ్వరు అత్తయ్యా?” అంది కోడలు.

“పడుచుదానివి. వెళ్ళి నీ బతుకు నువ్వు చూసుకోమని నోరు తెరిచి చెప్పలేక. ఏం లాభం, తెల్లారి లేచి చూస్తే మళ్ళీ వంటింట్లోనే ఉంటావు.”