గుండెకు ఆనించిన పటం

"తొందరగా తారు పొయ్యి, యెఫీమ్. సాయంత్రం ఇక్కడ కుర్రకారుకి డాన్సులున్నాయి" అన్నాడు పార్టీ అధికారి లుబెన్త్సోవ్, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

మాంసం ధర పెంచి కూలి తగ్గించారని ఫ్యాక్టరీ జనం నిన్న ఈ చౌరస్తాకి ఊరేగింపుగా వచ్చారు. సైన్యం కాల్చింది. ఎన్ని నీళ్లు కొట్టినా రాళ్ల సందుల్లో నెత్తురు వదల్లేదు. అందుకే ఈ తారు.

"మా ఆవిడ క్లావ్దియా నిన్నట్నుంచి ఇంటికి రాలేదు కామ్రేడ్. ఆసుపత్రిలోనూ లేదు."

"పుట్టింటికి పోయుంటుంది. ఆడాళ్లు అలిగితే పోరూ?"

యెఫీమ్ చీపురుకి పూలకుండీ వెనక ఏదో తగిలింది. తీసి చూస్తే లెనిన్ పటం. చట్రం మూలకి తను చుట్టిన రాగితీగ అలాగే ఉంది. నిన్న పొద్దున తనే దాన్ని ఇంటి గోడ మీంచి దించి, ఊరేగింపుకి బయల్దేరిన పెళ్లాం చేతికిచ్చాడు.

"గుండెకి ఆనించి పట్టుకో. దీని మీద ఎవడూ కాల్చడు" అన్నాడు.

లెనిన్ గడ్డం కింద తూటా చిల్లు ఉంది. పటం వెనక అట్టంతా నెత్తురు ఎండి నల్లబడింది.

"ఎవరిదది?"

"నాది."

లుబెన్త్సోవ్ అటూ ఇటూ చూశాడు. "నువ్వనలేదు, నేను వినలేదు. కింద పడేసి పైన తారు పొయ్యి."

"లెనిన్ మీదా?"

"పొయ్యమన్నానా లేదా?"

యెఫీమ్ పటాన్ని తిప్పి, నల్లబడిన వైపుని అధికారి తెల్లచొక్కాకి అదిమిపెట్టాడు.

"అది అలిగి పోలేదు కామ్రేడ్. నేనే పంపాను, మిమ్మల్ని నమ్మి."