రోజుకో గుడ్డు

ఆమెకు నిద్ర చాలడం లేదు. తెల్లవారకముందే లేవాలి. మొగుడు లేచేలోపు గూట్లో గుడ్డు పెట్టాలి.

నిజానికది కోళ్లు చేయాల్సిన పని. అవి చేయకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది పాపం!

మిల్లు మూతపడ్డాక ఆయన మంచానికి అతుక్కుపోయాడు. ఎవరేం అడుగుతారోనని గడప దాటడం మానేశాడు. గడ్డం గీసుకోడు. అన్నం కెలికి వదిలేస్తాడు. ఓ రోజు ఆమె బతిమాలి, కసిరి, చివరికి ఏడ్చి, ఆయన్ని సంతకు లాక్కెళ్లింది.

కోళ్ల సంగతి ఇద్దరికీ బొత్తిగా తెలీదు. ఆయన చేతిలో ఒక కరపత్రం ఉంది. ఎండలకు ఎలాంటి కోడి తట్టుకుంటుందో అందులో రాశారు. పల్చటి ఈకలు, పొడుగు కాళ్లు, నెత్తిమీద పెద్ద ఎర్ర తురాయి. ఒంట్లో వేడి ఆ తురాయిలోంచే పోతుందట. గంపలన్నీ వెతికి, అచ్చం అలాంటి పిల్లల్నే ఆరింటిని ఏరాడు.

"మీరు ఏరుకున్నవే సార్. తర్వాత నన్ననకూడదు" అన్నాడు కోళ్లతను.

ఇంటికొచ్చాక ఆయన మళ్లీ గడప దాటలేదు. చాకిరీ ఆమెకు పెరిగింది. మిషను కుడుతూ మధ్యమధ్యలో లేచి గోనెసంచులు తడిపి గూటిమీద కప్పాలి. నీళ్ల గిన్నె నీడలోకి జరపాలి. మధ్యాహ్నమైతే ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ పెరట్లోకి పోతుంది. గాలి కోళ్లకి, చెమట ఆమెకి.

నెలలు గడిచినా గుడ్డు జాడ లేదు. పైగా ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి.

"ఎండకి చిరాకు" అన్నాడాయన.

ఒకదాని గొంతు బొంగురుపోయింది.

"వేడి చేసింది" అన్నాడు.

ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నేను చెయ్యి పెడితే ఏదీ బాగుపడదే" అన్నాడు ఓ సాయంత్రం. ఆ మాటకు ఆమె గుండె చెరువైంది.

అప్పటికప్పుడు వీధి చివరి కొట్లో ఒక గుడ్డు కొని, వేకువనే గూట్లో గడ్డి కింద పెట్టింది.

"పెట్టింది! పెట్టిందే!" ఆయన కేక నాలుగిళ్లకు వినిపించింది. ఆ రోజు గడ్డం గీసుకున్నాడు. మారు అన్నం వడ్డించుకున్నాడు.

అది మొదలు రోజుకో గుడ్డు. సాయంత్రం కొనడం, బియ్యం డబ్బాలో దాచడం, వేకువన గూట్లో పెట్టడం. చేస్తున్నందుకు సిగ్గు. మానేస్తే మనిషి ఏమైపోతాడోనని భయం.

ఓ రోజు వడదెబ్బ తగిలి మధ్యాహ్నమే పడిపోయింది. కళ్లు తెరిచేసరికి మర్నాడు బారెడు పొద్దెక్కింది. గుడ్డు కొననే లేదు!

ఆయన మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాళ్లకు చెప్పులున్నాయి. అరచేతిలో గుడ్డు.

"ఇవాళా పెట్టిందే. నువ్వు లేవకు, పడుకో."

ఆమెకు ఏడుపొచ్చింది. అంటే, కోళ్లు నిజంగానే మొదలుపెట్టాయన్నమాట! ఇక ఈ దొంగ పని అక్కర్లేదు. రేపట్నుంచి కంటినిండా నిద్రపోవచ్చు.

అంతలో కోళ్లకు టీకాలు వేయడానికి పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చాడు. పెరట్లోకి వెళ్లి, గూట్లోకి తొంగిచూసి, అక్కణ్నుంచే నవ్వుతూ కేకేశాడు.

"గుడ్ల కోసం గడ్డి పరిచారేంటమ్మా, ఇవి ఆరూ పుంజులే కదా!"