పరాయి రెక్క

"నువ్వు ఆ రెక్క వదిలావంటే ఇది తిరగబడి నా మీదే పడుతుంది. ఆపైన నీ ఇష్టం," అంది మార్గిట్, రెండోవైపు రెక్కకు వేలాడుతూ.

ఆర్విడ్ వదలలేదు. వదలాలని మాత్రం ఉంది. అవతలి వరుసలో, వాన తెర వెనక ఎక్కడో, అతని సొంత విమానం ఉంది. కారు షెడ్డులో ఏళ్ల తరబడి కూర్చుని, పుల్లా పుల్లా అతికించి, గుడ్డ తొడిగి, తన చేతులతో తయారుచేసుకున్నది. విస్కాన్సిన్‌లో జూలై నెలాఖరున జరిగే ఈ విమానాల జాతరకు దాన్ని ఎగరేసుకుని రావడం ఇదే మొదటిసారి.

సాసేజిల కొట్టు దగ్గర నిలబడి ఉండగా పడమర నల్లబడింది. చేతిలోని రొట్టె పారేసి తన విమానం వైపు పరుగెత్తాడు. సగం దారిలో ఈ పసుపుపచ్చ విమానం అడ్డుపడింది. దాన్ని నేలకు కట్టిపెట్టిన మేకుల్లో ఒకటి ఊడివచ్చి, తాడు కొరడాలా గాలిలో ఆడుతోంది. ఒక చక్రం అప్పటికే పైకి లేచింది. రెండో పక్క రెక్కను పట్టుకుని బక్కపలచని పెద్దావిడ ఒకతె, కాళ్లు నేలకు ఆనీ ఆనక అవస్థ పడుతోంది. ఆ మైదానంలో ఒక ఆచారం ఉంది. గాలివాన వేళ చేతికందిన రెక్క ఎవరిదని అడగరు, పట్టుకుంటారు. ఆర్విడ్ కూడా అడగలేదు. లేచిన పక్క రెక్కను ఎగిరి పట్టుకున్నాడు.

ఇప్పుడు అడుగుతున్నాడు.

"ఇంతకీ ఎవరిదమ్మా ఇది? నీదా?"

"నాదైతే ఇలా కడతానా? నేనూ దారిన పోయేదాన్నే."

"విమానం కట్టెయ్యమంటే బూటు లేసు ముడేసి పోయాడు. ఏ గుడారంలో బీరు తాగుతున్నాడో మహానుభావుడు. వీడి కొంప మనం కాస్తున్నాం, మన కొంప ఎవడు కాయాలి?"

"నీది గట్టిగానే కట్టుకున్నావుగా?"

కట్టుకున్నానన్నాడు. ఉదయం ఆ ముడి వేస్తూ ఇరుగుపొరుగులకు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. కానీ ముడి ఎంత గొప్పదైనా దాని బలం మేకు బలాన్ని మించదు, మేకు బలం నేల బలాన్ని మించదు. నిన్నటి వానకు నానిన నేల ఇంకా మెత్తగానే ఉంది. ఆ సంగతి ఉపన్యాసంలో చెప్పలేదు.

గాలి మళ్లీ విసిరికొట్టింది. మార్గిట్ పెదవులు కదులుతున్నాయి.

"ప్రార్థన చేసుకుంటున్నా. నీదానికి కూడా కలిపి చెప్పమంటావా?"

"గాలికి చెవులుండవమ్మా. రెక్క మీదుగా వేగంగా పోతే పైకి లేపుతుంది, అంతే. లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నది కూడా దానికి అనవసరం."

"అయితే మాటలు ఆపి బరువెయ్యి. నా దేవుడికి నీ బరువు కావాలి."

వాదన అతనికి నచ్చలేదు గానీ బరువు వేశాడు.

అంతలో అవతలి వరుసలో ఏదో చిరిగింది. గుడ్డ నిలువునా చీలిన చప్పుడు. ఆ వెంటనే తెల్లనిదేదో పెద్దది వానలో దొర్లుకుంటూ కంచె వైపు పోయింది. ఆర్విడ్ విమానం తెల్లనిది.

"నాది," అన్నాడు.

"సరిగ్గా కనిపించిందా?"

"లేదు."

మార్గిట్ ఈసారి ఎత్తిపొడుపు లేకుండా, "వెళతావా?" అని అడిగింది.

ఆర్విడ్ ఆమె వైపు చూశాడు. తడిసి ముద్దయిన ఆ మనిషి బరువెంత, ఈ గాలి లేపగల బరువెంత అన్న లెక్క అతనికి తెలియనిది కాదు. దాని జవాబు మార్చడం అతని వల్ల కాదు. మణికట్లు మండుతున్నాయి. ముఖం తుడుచుకుందామన్నా ఖాళీ చెయ్యి లేదు. తన జీవితంలో తయారుచేసిన ఒకే ఒక్క వస్తువు కూతవేటు దూరంలో ఏమవుతున్నదో చూడకుండా, ముక్కూ మొహం తెలియనివాడి రెక్కను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

గాలి వచ్చినంత హఠాత్తుగానే ఆగిపోయింది. మార్గిట్ తడి గడ్డి మీద కూలబడి, "పో నాయనా, ఇక నేను చూసుకుంటా," అంది.

పరుగెత్తాడు. కంచెకు చుట్టుకుని ఉన్నది ఎవరిదో గుడారం. అతని విమానం ఉన్నచోటే ఉంది. ఒక రెక్క తాడు మాత్రం వదులుగా వేలాడుతోంది. దాని కొనకు బురద మేకు. ఆ రెక్క కింద భారీ మనిషి ఒకాయన, రెక్కను మోసే ఊతకమ్మీని రెండు చేతులతో కావలించుకుని ఉన్నాడు. గాలి ఆగినా వదలడం లేదు.

"వేళ్లు రావడం లేదయ్యా," అన్నాడాయన.

ఆర్విడ్ ఒక్కొక్క వేలూ విప్పదీశాడు.

"నీదేనా ఇది?"

"నాదే."

"ముడి అద్భుతం. మేకు మాత్రం పిల్లల గుడారానికి చాలేది. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను నిన్ను. ఏ కొట్టు దగ్గర నిలబడి సాసేజి నములుతున్నాడో దొరగారు అని."

ఆర్విడ్ కృతజ్ఞతలు చెప్పబోయాడు. ఆయన వినిపించుకోలేదు. నాదాని దగ్గరికే పోతున్నాను, దారిలో దీని చక్రం లేచింది, ఇక కదలలేకపోయాను అని గొణుక్కుంటూ ఆర్విడ్ వచ్చిన దిక్కుకు ఒక అడుగు వేసి, ఆగిపోయాడు. ఇటు తిరిగాడు.

"చూడ్డానికి ధైర్యం చాలడం లేదయ్యా. నువ్వు అటునుంచే వచ్చావు కాబట్టి అడుగుతున్నా, అవతలి వరుసలో ఒక పసుపుపచ్చ విమానం ఉండాలి, ఉందా?"