అవతలి కంప్యూటర్

"నాకొక కం... కం..."

కౌంటర్ ముందు నిలబడ్డ లావుపాటి పెద్దమనిషి మాట అక్కడే ఆగిపోయింది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తొడమీద వేలితో మెల్లగా తట్టాడు. ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు.

"నాకొక కంప్యూటర్ కావాలి బాబూ."

షాపువాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కున నవ్వారు. ఆయన వెనకే, చేతిసంచీని గుండెలకు హత్తుకుని నిలబడ్డ సన్నపాటి అమ్మాయి మాత్రం నవ్వలేదు.

పక్క వరుసలో కీబోర్డులు చూస్తున్నట్టు నటిస్తున్న చురకమ్మకు ప్రాణం లేచొచ్చింది.

చురకమ్మ అన్నది ఆమె అసలు పేరేం కాదు. ఆమె ప్రకటనలు రాస్తుంది. రాసిన ప్రతిమాటా ఎదుటివాడికి చురక అంటిస్తుందని ఆఫీసులో ఆ పేరు ఖాయం చేశారు.

అంతకు ముందే ఒక కంప్యూటర్ కంపెనీ యజమాని ఆమె బల్ల ముందు కూర్చుని గోడు వెళ్ళబోసుకున్నాడు.

"మా పెట్టెలోనూ, పోటీ కంపెనీ పెట్టెలోనూ సరుకు ఇంచుమించు ఒకటేనమ్మా. తేడా అంతా జనం మనసులో పుట్టాలి. మాది హుషారైన కుర్రాడనిపించాలి. అవతలివాళ్ళది..."

"అవతలివాళ్ళ సంగతి నాకొదిలెయ్యండి సార్."

గొప్పగా అనేసింది కానీ, ఆ అవతలి మనిషి ఎలా ఉంటాడో ఆమెకూ తోచలేదు.

ఇప్పుడు కళ్ళెదుటే దొరికాడు. పైగా ఆయన కొన్నది కూడా అవతలి కంప్యూటరే!

టీవీ ప్రకటన తయారైంది. తెల్లటి గోడ ముందు ఇద్దరు మనుషులు. ఒకడు జీన్సు వేసుకున్న కుర్రాడు.

"హాయ్! నేను కొత్త కంప్యూటర్ని."

రెండోవాడు బిగుతు కోటులో చెమటలు కక్కుతున్న లావాటి మనిషి.

"నేను కూడా కం... కం..."

కళ్ళు మూసుకుంటాడు. తొడమీద తడతాడు. మళ్ళీ మొదలుపెడతాడు.

కుర్రాడు మనవైపు తిరిగి కన్నుకొడతాడు. "కాస్త ఆగండి, రీస్టార్ట్ అవుతున్నాడు!"

జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. కుర్రాడి కంప్యూటర్లు వేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి. ఆఫీసులో చురకమ్మను నెత్తిన పెట్టుకున్నారు. ఊళ్ళో ఎవరి మాట తడబడినా, పక్కవాడు తొడ తట్టి చూపించడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం ఆ పెద్దమనిషే ఆమె గది తలుపు తోసుకుని వచ్చాడు.

"ఆ ప్రకటన రాసింది మీరేనటగా అమ్మా?"

చురకమ్మ ఆయన్ని గుర్తుపట్టింది. "అవునండీ. ఏం కావాలి?"

"దాన్ని ఆపెయ్యమనను. మీ పని మీది. ఆ కళ్ళు మూసుకుని తట్టడం ఒక్కటి తీసెయ్యండి. దానితో అవసరం ఉన్నవాళ్ళున్నారు."

మాట ఎక్కడా ఆగలేదు. నీళ్ళు జారినట్టు సాగిపోయింది. చురకమ్మకొక అనుమానం పుట్టుకొచ్చింది.

"మిమ్మల్ని అవతలి కంపెనీవాళ్ళు పంపారా?"

"నన్నెవరూ పంపలేదు తల్లీ."

"మరి మీకేంటండీ బాధ? మీరు గడగడా మాట్లాడేస్తున్నారుగా! అయినా నేను ఎవర్నీ చూసి రాయలేదు. అదంతా నా ఊహ."

ఆయన ఆమెవంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బావుండుననిపించింది ఆమెకు.

"ఊహే అయితే మార్చడం తేలికే కదమ్మా?"

చురకమ్మ మోగని ఫోను ఎత్తి చెవికి ఆనించుకుంది.

ఆయన చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

ఎవర్నీ చూసి రాయలేదన్న ఆ అబద్ధం ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగుడుపడలేదు, బయటికీ రాలేదు.

కొన్నాళ్ళకు బ్యాంకులో వరుసలో నిలబడి ఉంది. ముందున్న యువకుడు కౌంటర్ దగ్గర మాట రాక ఆగిపోయాడు. కళ్ళు మూసుకున్నాడు. వేలితో తొడమీద తట్టాడు.

"కాస్త ఆగండి, రీస్టార్ట్ అవుతున్నాడు!" అన్నారెవరో వెనకనుంచి.

వరుస వరుసంతా గొల్లుమంది. ఆ యువకుడు కళ్ళు తెరిచి, తలొంచుకుని, వచ్చిన పని చెప్పకుండానే బయటికి నడిచాడు.

"ఆ ప్రకటన భలే ఉంటుంది కదండీ!" అంది పక్కనున్నావిడ, చురకమ్మ మోచేతిని పొడుస్తూ.

చురకమ్మ వరుసలోంచి బయటికొచ్చేసింది. అక్కడినుంచి తిన్నగా కంప్యూటర్ల షాపుకు పోయి, ఆ పెద్దమనిషి చిరునామా అడిగి పట్టుకుంది.

కుట్టుపని దుకాణం మీద ఒకే ఒక గది. లోపల షాపులో చూసిన సన్నపాటి అమ్మాయి ఒక్కతే కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తోంది.

"పెద్దాయన ఉన్నారామ్మా? ఒక్కసారి మాట్లాడాలి. ఆ ప్రకటన... రాసింది నేనే."

ఆ అమ్మాయి చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది.

"మా... మా..."

ఆమె రెండో చెయ్యి తొడవైపు వెళ్ళింది. అంతలోనే వెనక్కి లాక్కుని పిడికిలి బిగించింది. ముఖమంతా ఎర్రబడ్డాక గానీ మాట బయటపడలేదు.

"మాస్టారు ఊరొదిలి వెళ్ళిపోయారండి. మా నత్తివాళ్ళ క్లాసుకెవరూ రావడం లేదు. బయట ఆయన నేర్పినట్టు తడితే న... నవ్వుతున్నారు."

"ఎక్కడికెళ్ళారు?"

"చెప్పలేదండి."

చురకమ్మకు ఏదో ఒకటి అడగకపోతే ఏడుపొచ్చేలా ఉంది.

"షాపులో అంత తడబడిన మనిషి, నా దగ్గరికొచ్చినప్పుడు ఒక్కచోటైనా ఆగలేదమ్మా. ఆయన నత్తి ఎలా పోయింది?"

అమ్మాయి కుర్చీ కింద పెట్టి ఆమెకేసి వింతగా చూసింది.

"ఆయనకు న... నత్తి ఎప్పుడూ లేదండి. మేం నోరు తెరవాల్సిన ప్రతిచోటా ముందు తనే నత్తిగా మాట్లాడేవారు, నవ్వేవాళ్ళ నవ్వంతా మా దాకా రాకుండా ఆయన దగ్గరే అయిపోవాలని."