బేకరీ ముందు కారు

కారు నాలుగు మూలల దీపాలూ మిణుకుమంటుంటే దాన్ని ఎక్కడ ఆపినా తప్పు కాదని బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ నగరంలో అందరి నమ్మకం. సైకిలు దారుల సంఘం కార్యదర్శి అసెన్ మాత్రం ఆ నమ్మకాన్ని ప్రతి సభలోనూ ఎండగట్టేవాడు.

ఆ సాయంత్రం అతడు నెదా ఇంటికి వచ్చాడు. ఆమె కుడిచేతికి పిండికట్టు ఉంది.

“రేపు నగరసభలో మీరొక్క మాట చెబితే చాలు, పిన్నిగారూ. సైకిలు దారిలోకి కార్లు రాకుండా స్తంభాలు పాతిస్తారు. ఓటింగు అటో ఇటో అన్నట్టుంది.”

“నేను రాను నాయనా. వానకి జారిపడ్డాననుకో.”

“ఆ రోజు వానెక్కడిది? బేకరీ ముందు ఎవడో సిగ్గులేనివాడు దారికడ్డంగా కారు పెట్టిపోయాడు. దాన్ని తప్పించబోయి సైకిలు మీంచి పడ్డారు. వాడెవడో చెప్పండి, నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాను!”

నెదా తల వంచుకుంది. పొయ్యి దగ్గర కాఫీ కాస్తున్న ఆమె భర్త గెంచో వెనక్కి తిరిగాడు.

“చెప్పెయ్యవే. కాఫీ చల్లారినా ఈయన ఉపన్యాసం ఆగేట్టు లేదు.”

“మీరూరుకోండి!”

“నీ కారేనయ్యా అసెన్,” అన్నాడు గెంచో. “నువ్వు బేకరీలోంచి బానిత్సా రొట్టెల పొట్లం పట్టుకుని బయటికొచ్చేసరికి ఈవిణ్ణి పక్కనున్న మందుల షాపులోకి తీసుకెళ్ళారు.”

అరచేతిలో ఆ పొట్లం వేడి అసెన్‌కు గుర్తొచ్చింది. రెండు నిమిషాలే కదా అనుకోవడమూ గుర్తొచ్చింది.

“మరి నాకు చెప్పలేదేం?”

“నీ పేరు బయటపడితే నీ స్తంభాల్ని నవ్వి అవతల పారేస్తారు నాయనా,” అంది నెదా. “నేనింకా సైకిలు తొక్కాలిగా.”

అతడు కాఫీ ముట్టలేకపోయాడు.

మర్నాడు నగరసభలో ఆ కారు తనదేనని అసెన్ చెప్పాడు. సభ్యులు నవ్వారు. స్తంభాల ప్రతిపాదన వీగిపోయింది.